ఆకుపచ్చవాడి వంతు

ఇసుక గడియారం తెర మధ్యలో తిరగబడుతోంది, నిండుతోంది, మళ్ళీ తిరగబడుతోంది. ఆకుపచ్చవాడు తన వంతు ఆడుతున్నాడు. ఆట మొదట్లో వాడి వంతు రెప్ప వేసి తీసేలోపు అయిపోయేది. అప్పుడు వాడికి ఉన్నవి నాలుగు గుడిసెలూ ఓ ఈటెవాడూ. ఇప్పుడు వాడి ఫిరంగులన్నీ ఒక్కొక్కటిగా కదలాలి, రైళ్ళన్నీ ఒక్కొక్కటిగా రావాలి, పడవలన్నీ ఒడ్డు పట్టుకుని తిరగాలి, అంతా అయ్యేదాకా నేను ఈ కంప్యూటరు ఎలుక మీద చెయ్యి వేసుకుని కూర్చోవాలి. ఆట ముదిరేకొద్దీ ఆడేది తగ్గిపోయి చూసేది పెరిగిపోతుంది. వ్యాపారమూ అంతే. నాన్న తరవాత ఈ చేపవలల కొట్లో కూర్చున్న కొత్తలో రోజంతా నా చేతుల్లోనే ఉండేది, ఏ మూట ఎక్కడ దించాలో, ఏ వల ఎవరికి చూపించాలో అన్నీ నేనే. ఇప్పుడు నేను చెప్పేది ఒక్క మాట, తరవాత మిగతా లోకం తన వంతు ఆడి చూపిస్తుంది. ఆకుపచ్చవాడంటే మనిషి కాడు, కంప్యూటరే. ఊదావాడూ కంప్యూటరే, నారింజవాడూ కంప్యూటరే. ఎదటి మూడు రాజ్యాల్లో కూర్చున్నదీ ఈ ఒక్క డబ్బానే. ఒక డబ్బా ముగ్గురై నామీదకి వస్తుంటే నేను మాత్రం ఒక్కణ్ణే ఉన్నాను, మొన్నటిదాకా ఇద్దరం.

ఆదివారం వన్ టౌను చచ్చినట్టు పడుంటుంది. మిగతా రోజుల్లో తోపుడు బళ్ళూ, హమాలీల కేకలూ, లారీల వెనకడుగు చప్పుళ్ళూ కలిసి ఒక గోడలా నిలబడి ఉంటాయి, ఆ గోడకి ఆనుకునే నేను ఇన్నేళ్ళూ నిలబడ్డానేమో, ఆదివారం అది లేకపోతే కూర్చున్నా తూలినట్టుంటుంది. షట్టరు సగం దించాను. కింద మిగిలిన సందులోంచి ఎండ పట్టీలా లోపలికి పడింది, ఆ పట్టీలో అప్పుడప్పుడూ కాళ్ళు పోతుంటాయి. మొహం చూడక్కర్లేదు, ఈ వీధిలో నడిచేవాళ్ళని నేను కాళ్ళతోనే చెప్పగలను. మా తమ్ముడు కరిముల్లా కాళ్ళు ఇంకా రాలేదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తానన్నాడు, పక్క కొట్టు వెంకటసుబ్బారావు గారిని వెంటబెట్టుకుని. సుబ్బారావు గారు మిరపకాయల వ్యాపారి, మా నాన్న కాలం మనిషి, ఈ బజార్లో ఎవరు విడిపోయినా మధ్యలో కూర్చునేది ఆయనే. ఇవాళ మా అన్నదమ్ముల మధ్య కూర్చుంటారు. పై అంతస్తులోంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన మెట్లమీదుగా దిగుతోంది, నైలాను వాసనలో కలుస్తోంది. పొద్దున షాహీదా అడిగింది, ‘ఏమండీ, కరీముకి కూడా వండనా, తింటాడా?’ అని. నీ మరిది ఈ ఇంట్లో తినని రోజుందా అన్నాను. ఆమె నా వంక చూసి, ‘ఏమో, అడిగాను’ అంది. అడగాల్సి రావడమే ఎంత నష్టమో ఆమెకీ తెలుసు.

ఆకుపచ్చవాడి వంతు అయింది. చల్లపల్లి గోడ సగం కూలింది. తెరమీద చల్లపల్లి అంటే నిజం చల్లపల్లి కాదు, ఆ పేర్లన్నీ కరిముల్లా పెట్టినవి. కొత్త ఊరు కట్టినప్పుడల్లా పేరేమిటని అడుగుతుంది ఈ ఆట, వాడు ఒక్క వేలితో ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ మేం సరుకు వేసే లైను ఊళ్ళన్నీ వరసగా పెట్టాడు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక, బందరు. రాజధానికి ఏం పెడదామంటే ‘కొట్టు’ అని పెట్టాడు. లోకంలో ఎక్కడా లేని సముద్రాలు, కొండలు, ఆ మధ్యలో ఓ రాజ్యం, దాని రాజధాని పేరు కొట్టు. ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆ నవ్వు ఈ గదిలోనే, ఈ కుర్చీల్లోనే, ఆ రెండో కుర్చీలో ఇప్పుడు తాళ్ళ చుట్ట ఒకటి పెట్టాను, ఖాళీగా కనబడితే బాగుండదని.

ఈ కంప్యూటరు బిల్లుల కోసం కొన్నది. కరెంటాఫీసుల్లో, బ్యాంకుల్లో అందరూ పెట్టేస్తున్నారు, మనం పెట్టకపోతే కంపెనీవాళ్ళు మనల్ని పాతవాళ్ళ కింద జమ కడతారని కరిముల్లానే పట్టుబట్టాడు. బాలశౌరి అని ఏలూరు రోడ్డులో కంప్యూటర్లు బిగించే కుర్రాయన, వైర్లన్నీ పెట్టి, బిల్లింగు నేర్పి, వెళ్తూ వెళ్తూ, ‘సార్, ఓ ఆట కూడా వేశాను, సాయంత్రాలు తీరిగ్గా ఉన్నప్పుడు చూడండి. తుపాకులు పేల్చేది కాదండీ, బుర్రతో ఆడేది, రాజ్యాలు కట్టేది’ అన్నాడు. ఇదేం పని పాటా లేనివాళ్ళ వ్యవహారం అనుకున్నాను. వారం తిరక్కుండానే మా ఇద్దరికీ పట్టుకుంది. ఎందుకు పట్టుకుందంటే అది మా పనే కాబట్టి. మొదటి సగం నాది. ఏ మట్టిలో ఏం పండుతుంది, ఏ కొండలో ఇనుముంది, ఎవరి దగ్గర గుర్రాలు ఎక్కువ, ఎవరికి ఉప్పు తక్కువ, ఎవరితో ఏ ఒప్పందం చేసుకుంటే మన గాదె నిండుతుంది, ఇదంతా నాకు వెన్నతో పెట్టిన విద్య. నేను రాజ్యాన్ని పెంచి పెద్ద చేసేవాణ్ణి. ఆట ముదిరి, భూమంతా నిండిపోయి, ఇక ఎవడిదైనా లాక్కుంటే తప్ప పెరగడానికి చోటు లేదన్నప్పుడు, పక్క కుర్చీలోంచి కరిముల్లా లేచేవాడు. ‘నువ్వు లే భాయ్. ఇక్కణ్ణుంచి నేను చూస్తా.’ నేను లేచి టీ తాగేవాణ్ణి. వాడు యుద్ధం చేసేవాడు. ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు, వాడు ఎలా గెలుస్తున్నాడో. గెలుస్తున్నాడుగా, చాలు అనుకున్నాను. రవాణావాడితో పేచీ వచ్చినా అంతే, తడిసిన సరుకు పంపి తడవలేదన్న కంపెనీవాడితోనైనా అంతే, నేను మాట్లాడగలిగినంత మాట్లాడేవాణ్ణి, నా మాట అయిపోయిన చోట వాడు లేచేవాడు. నాకు మాట ఎక్కడ అయిపోతుందో తెలుసు గానీ, ఆ తరవాత ఏం జరుగుతుందో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం వాడు రానివ్వలేదు.

ఇప్పుడు వాడు ఇంటి మకాం విద్యాధరపురం మార్చాక, ఇదే మొదటిసారి చివరి సగం నేను ఆడటం. పాత ఆటే, వాడూ నేనూ కలిసి పెంచినదే. ఓ సాయంత్రం ఊరికే తెరిచాను. ఎక్కడ ఆపామో అక్కడే ఉంది. పాపం మన మనుషులు అక్కడే నిలబడి ఉన్నారు, గుర్రాలు అక్కడే, గోడలు అక్కడే. ఆ రోజు నుంచీ ఊళ్ళు పోగొట్టుకుంటున్నాను. అవనిగడ్డ పోయింది. పామర్రులో తిండి చాలక జనం తిరగబడ్డారు. కోటలో ఉన్న గుర్రాల్ని ఎప్పుడు బయటకి తియ్యాలో నాకు తెలియదు, తీస్తే చచ్చిపోతాయని భయం, తియ్యకపోతే ఎందుకున్నాయో అర్థం కాదు. సరుకు గోడౌనులో ఉన్నంతసేపూ మనదే అనిపిస్తుంది కదా, అలా.

మొన్న అంకాలమ్మ వచ్చింది నాగాయలంక నుంచి. పడవలున్న మనిషి, మా నాన్న ఉన్నప్పట్నుంచీ మా దగ్గరే కొంటుంది. వల చేతిలోకి తీసుకుని కన్నులోంచి నన్ను చూస్తూ, ‘ఏం సాయిబుగారూ, ఇంత పెద్ద కన్నిచ్చారు, చేపలొచ్చి ఇటూ అటూ చూసి పోటానికా?’ అంది. మార్చి ఇచ్చాను. అప్పుడు కొట్టంతా కలియజూసి, ‘చిన్న సాయిబేడి?’ అంది. పనిమీద వెళ్ళాడన్నాను. ‘ఆయనుంటే వలని పట్టుకుని ఆ చివరా ఈ చివరా లాగి చూపించేవోడు. మీరు మాటల్తో లాగుతారు.’ నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఉత్తినే అన్నట్టు, అడిగాను. అమ్మా, ఓ మాట, వలలు ఈ కొట్లోనూ, తాళ్ళూ బెండ్లూ సీసపు గుళ్ళూ వెనక వీధి కొట్లోనూ దొరికితే నీకు ఇబ్బందా? ఆమె మూతి ముడిచి, ‘తాడు లేని వల కప్పుకుని పడుకోటానికా? రెండు చోట్లకీ తిరగాల్సిందే, ఏం చేస్తాం’ అంది. ఆ మాట నేను తూకం వేసి దాచుకున్నాను. నాకు కావలసింది అదే. రెండు చోట్లకీ తిరగాల్సిందే.

మాలో ఓ పద్ధతుంది. మాలో అంటే మా ఇంట్లో అని కాదు, ఈ బజారంతటా ఉంది. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందుగా ఎంచుకోవాలి. వేసేవాడికి ఎంచుకునే హక్కు లేదు, కాబట్టి సమంగా వేస్తాడు. దీన్ని కనిపెట్టినవాడు వ్యాపారస్థుడే అయ్యుండాలి. కాని సమంగా వెయ్యడమంటే రెండూ బతికేలా వెయ్యాలనే కదా అందరూ అనుకుంటారు. నేను అలా వెయ్యలేదు. వలలూ ఈ కొట్టూ ఒక వాటా. తాళ్ళూ, వలని తేల్చే బెండ్లూ, ముంచే సీసమూ, వెనక వీధి గోడౌనూ ఒక వాటా. దేనికదే విలువలో సమానం, కాదని సుబ్బారావు గారు కూడా అనలేరు. కాని ఏ ఒక్కదానికీ రెండోది లేకుండా పూట గడవదు. వల కొన్నవాడు తాడుకి అక్కడికి వెళ్ళాలి, తాడు కొన్నవాడు వలకి ఇక్కడికి రావాలి. నా దగ్గర ఏ కన్ను వల తగ్గిందో వాడికి తెలియాలి, వాడి దగ్గర ఏ లావు తాడు మిగిలిందో నాకు తెలియాలి. పొద్దున్నే ఒకసారి వాడు ఈ షట్టరు కిందనుంచి వంగి రావాలి, సాయంత్రం నేను ఆ గోడౌను మెట్టు ఎక్కాలి. పేరుకి విడిపోయాం అని లోకం అనుకోనీ. రాజ్యాలు రెండే గానీ ఒకళ్ళ గాదె తాళంచెవి ఇంకొకళ్ళ మొల్లో ఉంటుంది. ఎన్నో రాత్రులు ఆలోచించి కాదు, ఒక్క మధ్యాహ్నం భోజనంలో వచ్చింది ఈ ఆలోచన, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది, షాహీదా ‘ఏమైంది’ అంటే ఉప్పు సరిపోయింది అన్నాను.

కాని ఇప్పుడు చల్లపల్లి గోడ కూలుతోంది. ఆ ఫిరంగుల్లో ఇనుమెవరిది? నాదే. ఆకుపచ్చవాడి నేలలో ఎక్కడా ఇనుము లేదు, నేను చూశాను. ఆట సగంలో వాడే వచ్చి అడిగాడు, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని తెరమీద మొహం చూపించి, ఇనుము ఇస్తావా, గుర్రాలిస్తాను అని. వచ్చిన ఖాతాదారుణ్ణి వట్టి చేతులతో పంపడం మా వంశంలో లేదు. కరిముల్లా టీ కప్పు కింద పెట్టి, ‘వాడికి ఇనుమెందుకు భాయ్, వద్దు’ అన్నాడు. నేను చెప్పాను, మన ఇనుము మీద బతికేవాడు మనమీదకి ఎలా వస్తాడ్రా, వస్తే మర్నాటి నుంచీ ఇనుమాగిపోతుంది, వాడికే నష్టం, ఎవడి కడుపు వాడు కొట్టుకుంటాడా? అది ధర్మం కూడా కాదు, లెక్క. ధర్మం తప్పేవాళ్ళని చూశాను గానీ లెక్క తప్పేవాళ్ళని చూడలేదు. ఆకుపచ్చవాడు తప్పాడు. వాడి వంతులో ఒకరోజు ఏ పేచీ లేకుండా, ఏ మాటా లేకుండా, ఒప్పందం చింపేసి వచ్చాడు. వాడికి ఇనుము ఆగిపోయింది. అయినా వచ్చాడు. ఉన్న ఫిరంగులతోనే వచ్చాడు. నష్టం వాడికి కనిపించడం లేదా, కనిపించినా అక్కర్లేదా? బాలశౌరిని అడిగాను, మానిటరు తుడవడానికి వచ్చినప్పుడు. ‘అది ఆట ముదిరాక అంతేనండి. మనం పెద్దగా కనిపిస్తే చాలు, మూడూ కలిసి మీద పడిపోతాయి. మీరెంత మంచిగా ఉన్నారనేది దానికి లెక్కలోకి రాదు’ అన్నాడు. మంచిగా ఉండటం లెక్కలోకి రాకపోతే మరి ఏమి వస్తుందయ్యా అన్నాను. ‘ఏమోనండి, అది మాత్రం గెలవడానికే ఆడుతుంది’ అన్నాడు.

మాట్లాడే బొత్తాం నొక్కాను ఇప్పుడు కూడా. నొక్కితే ఆకుపచ్చవాడి మొహం వస్తుంది. ఏం కావాలని అడగాలి నేను, ఏదో ఒకటి ఇవ్వజూపాలి. పత్తి ఇస్తానన్నాను. వద్దన్నాడు. రంగులు ఇస్తానన్నాను, బంగారం, నాకు తెలిసిన విద్యలన్నీ. వద్దు. ఇంకాస్త వేశాను. మళ్ళీ అదే మొహం, అదే వాక్యం, మీతో మాట్లాడటానికి ఏమీ లేదు. కొసరు కూడా అడగడు. బేరంలో లేచి వెళ్ళిపోయేవాణ్ణి నేను వెనక్కి పిలవగలను, ఎందుకంటే వెళ్ళేవాడు చెవులు వెనక్కి పెట్టుకునే వెళ్తాడు, నా పిలుపు కోసం. వీడికి చెవులే లేవు. ఇంతకుముందోసారి ఇలా మూసుకున్నప్పుడు వాడి నోరు తెరిపించింది ఒక్కటే. బందరు ఇస్తానన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు, సంధి రాశాడు, బందరు మీద జెండా ఆకుపచ్చగా మారింది, ఆ శాంతి ఓ పదిమార్లు నా వంతు తిరిగేదాకా ఉందేమో, మళ్ళీ వచ్చాడు. బందరూ పోయింది, శాంతీ పోయింది.

ఆ పేరు వచ్చినప్పుడు ఎలుక మీద నా చెయ్యి కొంచెం ఆగుతుంది. నిజం బందరు లైను కరిముల్లా వేసింది. పాత స్కూటరు మీద వెనక వలల మూట కట్టుకుని, గూడూరు దాటి, గాలిలో ఉప్పు వాసన తగిలేదాకా పోయి, రేవు దగ్గర పడవలవాళ్ళతో కూర్చుని, వాళ్ళ చినిగిన వలలు తనే అల్లిచ్చి, వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళి, ఏళ్ళు పట్టింది. ఆ స్కూటరు అక్కడి ఉప్పుగాలికే పాడైంది, ఓ పక్కకి పూర్తిగా వంచితే తప్ప అంటుకోదు, ఇంకొకళ్ళు పట్టుకోవాలి, రోజూ పొద్దున్నే నేనే పట్టుకునేవాణ్ణి, వాడు కిక్కు కొట్టేవాడు. తరవాత గవర్నరుపేటలో కొత్తగా ఓ హోల్‌సేలు వలలవాడు దిగాడు. పెద్ద పెట్టుబడివాడు, ప్రతి ఊళ్ళోనూ మాకంటే తగ్గించి అమ్మడం మొదలుపెట్టాడు. కరిముల్లా, ‘తగ్గించనీ భాయ్, ఎన్నాళ్ళు తగ్గిస్తాడు, మనమూ నిలబడదాం’ అన్నాడు. కరిముల్లా బందరులో ఉన్న రోజు, నేను ఆ వ్యాపారిని కలిశాను. టీ తాగాం. బందరు నువ్వు చేసుకో, మిగతా లైను జోలికి రాకు అన్నాను. ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఆ మాట మీద ఉన్నాడు కూడా, కంప్యూటరు కాదుగా, మనిషి. ఒక లైను ఇచ్చి నాలుగు నిలబెట్టుకున్నాను. ఎవరు వేసి చూసినా ఆ లెక్క సరైనదే. సాయంత్రం కరిముల్లా వచ్చాక చెప్పాను. వాడు చేతులు కడుక్కుంటున్నాడు. నీళ్ళు ఆపి, ‘సరే భాయ్’ అన్నాడు. గొడవ పడలేదు. గొడవ పడుంటే నేను సర్దేవాణ్ణి, అది నాకొచ్చు. ఆ తరవాత ఆట దగ్గర కూర్చున్నప్పుడు ‘నువ్వు లే భాయ్’ అనడం మానేశాడు, కొన్నాళ్ళకి కూర్చోవడమూ మానేశాడు, ఆ తరవాత ఓ రోజు గల్లా పక్కన నిలబడి, ‘వేరుగా చూసుకుందాం’ అన్నాడు, టీ తాగుదాం అన్నంత మామూలుగా.

చల్లపల్లిలో నావి నాలుగు గుర్రాల దళాలున్నాయి, గోడ లోపల. ఇప్పుడు నా వంతు. ఏం చెయ్యను. ఏమి చేసినా వాడి వంతు వస్తుంది. షట్టరు కింద ఎండ పట్టీ కాస్త పసుపెక్కింది. మసీదులోంచి వస్తున్న జనం, చెప్పుల చప్పుడు, తెల్ల పైజమాలు, ఓ కర్ర పోటు, ఓ పిల్లాడి పరుగు. నేను ఇవాళ నమాజుకి వెళ్ళలేదు, వాడి పక్కన వరసలో నిలబడి, వాడి భుజానికి భుజం ఆనించి, ఆ తరవాత ఇక్కడికొచ్చి వాటాలు చెప్పడం నావల్ల కాదనిపించింది. అదుగో స్కూటరు. ఆగిన చప్పుడు నాకు తెలుసు, ఆఖర్న ఒక దగ్గు దగ్గి ఆగుతుంది. వాడి చెప్పులు, పక్కన సుబ్బారావు గారి పంచె అంచు. షట్టరు కిర్రుమని పైకి లేచింది, ఎండ ఒక్కసారిగా నా మోకాళ్ళ దాకా వచ్చింది, వాళ్ళు లోపలికి రాగానే షట్టరు మళ్ళీ సగానికి దిగింది.

‘ఏం నిసారూ, చీకట్లో కూర్చున్నావు’ అంటూ వచ్చి సుబ్బారావు గారు నా బల్ల ఎదురుగా కూర్చున్నారు. కరిముల్లా తాళ్ళ చుట్ట ఉన్న కుర్చీ చూశాడు. దాన్ని తియ్యలేదు, వలల బేళ్ళ మీద కూర్చున్నాడు. మనిషి చిక్కలేదు, బాగానే ఉన్నాడు. చిక్కుంటాడని ఎందుకనుకున్నానో. నేను వాటాలు చెప్పాను. మంచి సరుకు చెప్పినట్టు, నెమ్మదిగా, ఒకదాని తరవాత ఒకటి. సుబ్బారావు గారు కళ్ళు మూసుకుని విన్నారు, సమంగానే ఉన్నాయన్నారు. తరవాత ఒక కన్ను తెరిచి నా వంక చూశారు. మిరపకాయలో దాచిన తేమని కనిపెట్టినప్పటి చూపు అది. కరిముల్లా నవ్వాడు.

‘అంటే వల కొన్నవాడు తాడుకి నా దగ్గరికి, తాడు కొన్నవాడు వలకి నీ దగ్గరికి. రోజూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోవాలి. అంతేగా భాయ్?’

‘చూసుకుంటే తప్పేంటిరా?’

‘తప్పేం లేదు’ అన్నాడు. ‘తాళ్ళ వాటా నాకు.’

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం నా గుండె నిండిపోయింది, అది మాత్రం ఎవరూ నా దగ్గర్నుంచి తీసుకోలేరు. పొద్దున్నే వంగి లోపలికొచ్చే మనిషి, సాయంత్రం నేనెక్కే మెట్టు, అన్నీ కనపడ్డాయి. షాహీదాని కేకెయ్యబోయాను, పళ్ళేలు పెట్టమని.

‘అవి కూడా నువ్వే తీసేసుకో భాయ్’ అన్నాడు కరిముల్లా. ‘తాళ్ళు, బెండ్లు, గోడౌను, అన్నీ. నేను ఈ సరుకులో ఉండట్లేదు. కైకలూరులో రొయ్యల చెరువులకి మేత, మందుల షాపు చూసుకున్నా. ఇల్లు కూడా అక్కడికే మారుస్తా.’

‘ధర చెప్పవయ్యా మరి’ అన్నారు సుబ్బారావు గారు.

‘భాయ్‌కి ఎంత తోస్తే అంత. ఎప్పుడు తోస్తే అప్పుడు.’

‘అదేం బేరం?’

‘బేరం కాదండీ.’

నేను ఏదో అన్నాను. కైకలూరు గాలి పడదన్నాను. రొయ్యల వ్యాపారం నిలకడ లేనిదన్నాను, మునిగినవాళ్ళ పేర్లు వరసపెట్టి చెప్పాను. కొట్టు నీకిస్తాను, వలలూ తాళ్ళూ రెండూ నువ్వే తీసుకో, నేనే గోడౌనులో కూర్చుంటానన్నాను. ఇంకా వేశాను. లైను మొత్తం నీదే అన్నాను. వాడు ప్రతిదానికీ తల మెల్లగా అటూ ఇటూ ఊపాడు, ‘వద్దు భాయ్’, కోపం లేదు, మొహంలో ఏమీ లేదు, పైగా జాలి ఉంది. అడగనివాడికి ఏమిచ్చి ఆపాలి? ఇన్నేళ్ళలో ఏ మనిషీ నాకు ఈ పాఠం నేర్పలేదు. సుబ్బారావు గారు పైపంచె దులుపుకుని లేస్తూ, ‘లెక్క ప్రకారం నీకే మేలు జరిగింది నిసారూ, మొత్తం నీకే వచ్చింది’ అన్నారు. ఆయన ఓదార్చడానికే అన్నారు. నిజం కూడా. మొత్తం నాకే వచ్చింది. ఆయన కాళ్ళు ఎండ పట్టీ దాటి వెళ్ళిపోయాయి.

కరిముల్లా కూడా లేచాడు. ‘భాభీ వండింది’ అన్నాను. ‘వాసన వచ్చింది’ అన్నాడు, ‘ఇంకోసారి తింటాలే, చీకటి పడకముందే ఇంటికి చేరాలి, పిల్లలు చూస్తుంటారు.’ గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి, నా భుజం మీదుగా తెర వంక చూశాడు. వాడి చొక్కాకి అత్తరు వాసన, దాని కింద ఇంకా కొంచెం నైలాను.

‘ఇదింకా ఉందా’ అన్నాడు. ‘చల్లపల్లేనా అది? గుర్రాల్ని లోపల కట్టేసుకుని ఏం చూస్తున్నావు భాయ్?’

‘బయటకి తీస్తే చస్తాయిరా.’

‘లోపలుంటే బతుకుతాయా? జరుగు.’

జరిగాను. నిలబడే ఎలుక పట్టుకున్నాడు. నాలుగు దళాల్నీ గోడ దాటించాడు, అడివి చాటున తిప్పాడు, ఫిరంగుల వెనక నుంచి తీసుకొచ్చాడు. దగ్గరికెళ్తే ఫిరంగి ఏమీ చెయ్యలేదట, దూరం నుంచే దాని బలమంతా. ఒకటి కూలింది, రెండోదీ, మూడోదీ. రెండు దళాలు చచ్చిపోయాయి, వాడు పట్టించుకోలేదు. చల్లపల్లి ముందు నేల ఖాళీ అయింది. ఇన్ని రోజులుగా నేను మింగలేక కక్కలేక చూస్తున్నది, ఒక టీ చల్లారేలోపు. వాడి కళ్ళు తెరమీద దిగువకి పోయాయి, సముద్రం ఒడ్డుకి.

‘బందరు వాడి దగ్గరుందే?’

‘ఆఁ.’

‘తీసుకున్నాడా? ఇచ్చావా?’

ఫ్యాను తిరుగుతోంది. పైనుంచి గిన్నె మూత చప్పుడు వచ్చింది. నేను తెర వంకే చూస్తూ ఉన్నాను. వాడు ఎలుక వదిలేసి, నా భుజం మీద చెయ్యి వేసి తీశాడు.

‘మిగతాది నువ్వు చూసుకో భాయ్’ అని వంగి, షట్టరు కిందనుంచి వెళ్ళిపోయాడు.

వంతు ముగించే బొత్తాం ఎర్రగా వెలుగుతోంది. నొక్కకపోతే ఏమీ జరగదు. చల్లపల్లి ఇలాగే ఉంటుంది, వాడు కాపాడినట్టే, ఖాళీ నేల, మిగిలిన రెండు గుర్రాల దళాలు. కాని ఎంతసేపని నొక్కకుండా ఉంటాడు ఎవడైనా? నొక్కాను. ఇసుక గడియారం వచ్చింది. ఊదావాడు కదిలాడు, నారింజవాడు కదిలాడు, ఆకుపచ్చవాడి రైళ్ళు ఉత్తరాన్నుంచి బయల్దేరాయి, చల్లపల్లికి కాదు, నాగాయలంక వైపు. బయట కిక్కు కొట్టిన చప్పుడు. అంటుకోలేదు. మళ్ళీ కిక్కు. షట్టరు కింద వాడి చెప్పులు కనిపిస్తున్నాయి, ఒక కాలు నేలమీద బిగబట్టి, స్కూటరు ఒక పక్కకి వంగి, ఒక్కడే వంచుకుని ఒక్కడే కొడుతున్నాడు. మళ్ళీ. అది అలా అంటుకోదు, ఇంకొకళ్ళు పట్టుకోవాలి. తెరమీద నాగాయలంక గోడ దగ్గర పొగలేస్తోంది, దాన్నలా వదిలి లేచాను, కుర్చీ వెనక్కి పడింది, తాళ్ళ చుట్టకి కాలు తగిలింది, షట్టరు దగ్గరికి వచ్చి వంగాను, అంచు కింద చెయ్యి కూడా పెట్టాను, అప్పుడు అంటుకుంది. స్కూటరు ఒక దగ్గు దగ్గి నిటారుగా నిలబడింది, వాడి కాళ్ళు నేలమీదనుంచి లేచాయి. చప్పుడు వీధి మలుపు దాకా వినపడింది, ఆ తరవాత కాలవ వంతెన మీద ఒకసారి, అది వాడిదో ఇంకెవరిదో.

వెనక్కి తిరిగితే ఇసుక గడియారం లేదు. కంప్యూటరు ఆడాల్సింది ఆడేసి, నా వంతు కోసం ఆగి ఉంది.